కంటికి కనిపించని కామెర్లు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట రోగముల ప్రస్తావన ఎందుకని మీరు అనుకోవచ్చును. ఈ షోలాపురములో మనము వేపపువ్వు, మరాఠీ సోదరులు వేపాకు తిని సంవత్సరమును ఆరంభిస్తాము గదా! అట్లే ఒక చేదు సంగతిని మనవి చేస్తాము.

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మన సామెత. నిజానికి అతని కన్నులే లోకమునకు పచ్చగా కనిపిస్తాయి. హెపటైటిస్ బి అనే కాలేయవ్యాధిలో చాలమందికి ఆ పచ్చదనము కూడ కనిపించదు.

మాకు తెలిసిన మరమగ్గముల కార్మికుడొకడు రక్తదానమునకు వెళ్ళి, తనలో ఈ వ్యాధి ఉన్నదని తెలుసుకొన్నాడు. ఏనాడును మంచమెక్కినవాడు కాడు. ఇంటివారు భయపడి అతని కంచము, చెంబు వేరుచేశారు. అది చూచిన బాధయే ఈ ప్రసంగమునకు కారణము.

వైరస్ ఒంటిలో చేరిన ఒకటి నుండి ఆరు నెలలలో లక్షణములు బయటపడవచ్చును. మొదట నీరసము, అన్నహితవు లేకపోవుట, వికారము, వాంతులు, కొద్దిపాటి జ్వరము, కీళ్ళ నొప్పులు, కుడి డొక్కపైన నొప్పి. పిమ్మట మూత్రము చిక్కని టీ రంగుకు మారుతుంది, మలము పాలిపోతుంది, కంటి తెల్లగ్రుడ్డు పసుపెక్కుతుంది. మనము కామెర్లనేది, ఇక్కడివారు కావీళ అనేది అప్పుడే. మగతగాని, మాట తడబాటుగాని, రక్తపు వాంతిగాని, పొట్ట ఉబ్బుటగాని కనిపించినచో క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చేతికి వాతలు పెట్టించి, ముక్కులో పసరు పిండించి కాలము వృథా చేయరాదు. కామెర్లకు కారణములు పెక్కు. ఏది కారణమో రక్తపరీక్షయే చెప్పగలదు.

పెద్దలలో నూటికి 95 మందికి ఇది ఆరు నెలలలో నయమవుతుంది. పసికందులకు సోకినచో పదిమందిలో తొమ్మండుగురికి నిలిచిపోతుంది. ఏండ్ల తరబడి మౌనముగా ఉండి, కొందరిలో కాలేయమును గట్టిపరచి, క్యాన్సరుకు దారితీస్తుంది.

ఇది రక్తము వలన, దాంపత్యము వలన, కాన్పువేళ తల్లి నుండి బిడ్డకు, శుభ్రపరచని సూదులు, క్షౌరపు కత్తుల వలన సోకుతుంది. కలిసి భుజించుట వలన, కౌగిలించుకొనుట వలన సోకదు. వేరుచేయవలసినది కంచము కాదు. గడ్డపు కత్తి, పండ్లు తోముకొను బ్రష్షు.

దీనికి టీకా ఉన్నది. 1997లో శ్రీ వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ హైదరాబాదులో దానిని తయారుచేసి చౌకగా అందించుట తెలుగువారికి గర్వకారణము. బిడ్డ పుట్టిన 24 గంటలలో మొదటి టీకా, ఆపై 6, 10, 14 వారములకు తక్కినవి వేయించవలెను. గర్భిణులు తప్పక రక్తపరీక్ష చేయించుకొనవలెను. 2018లో మొదలైన జాతీయ పథకము క్రింద ప్రభుత్వ చికిత్సాకేంద్రములలో పరీక్ష, మందులు ఉచితము.

ఆ కార్మికుని ఇంటివారు అందరును పరీక్ష చేయించుకొన్నారు. అవసరమైనవారు టీకా వేయించుకొన్నారు. అతడు వైద్యుని పర్యవేక్షణలో ఉన్నాడు. చెంబు, కంచము మరల అందరితో కలిసినవి. నేటి మన పండుగ భోజనములో అతడును మన పంక్తిలోనే కూర్చుంటాడు.