కంపెనీ బెర్ముడాలో, పన్ను మన నెత్తిన

అమెరికాలో ఉండి అక్కడి బయోటెక్ షేర్లు కొనే మనవాళ్ల కోసం ఈ ఎపిసోడ్.

ఆక్సోవెంట్ గుర్తుందా? వివేక్ రామస్వామి పెట్టిన కంపెనీ. రిజిస్టర్ అయింది బెర్ముడాలో. గ్లాక్సో పక్కన పెట్టేసిన అల్జీమర్స్ మందును ముందుగా 50 లక్షల డాలర్లిచ్చి తీసుకున్నారు. 2015 జూన్‌లో ఐపీఓకి వచ్చి 31.5 కోట్ల డాలర్లు సేకరించారు. మొదటి రోజే షేరు దాదాపు రెట్టింపు! 2017 సెప్టెంబరులో ట్రయల్ ఫెయిల్. ఒక్క రోజులో షేరు కుప్పకూలింది.

ఇలాంటప్పుడు ఇన్వెస్టర్లు రెండు వర్గాలవుతారు. "బ్యాంకులో ఇంత క్యాష్ ఉంది కదా, షేరు చవక" అని ఒకరు. "అమ్మకాలే లేవు, ఆ క్యాష్ నెలనెలా కరిగిపోతోంది" అని ఇంకొకరు. ఇద్దరూ మర్చిపోయేది పన్ను.

అమెరికా చట్టంలో పీఎఫ్ఐసీ అని ఒకటుంది. విదేశీ కంపెనీ ఆదాయంలో 75 శాతం వడ్డీ, డివిడెండ్ల లాంటిదైనా, ఆస్తుల్లో సగం అలాంటి ఆదాయమిచ్చేవైనా ఆ ముద్ర పడుతుంది. మందు ఇంకా అమ్మని కంపెనీకి ఆదాయం ఏముంటుంది చెప్పండి? బ్యాంకు వడ్డీయే కదా!

ఇక ఆస్తుల లెక్క చూద్దాం. లిస్టెడ్ కంపెనీ అయితే మార్కెట్ విలువ చూస్తారు. షేరు బాగున్నప్పుడు మందు మీద ఆశకే పెద్ద విలువ, క్యాష్ చిన్న భాగం. షేరు పడిందా, క్యాష్ అంతే ఉన్నా దాని వాటా పెరిగిపోతుంది. అంటే చవగ్గా కనిపించే రోజే ముద్ర పడే ప్రమాదం ఎక్కువ. ఆక్సోవెంట్‌కి పడిందని నేననట్లేదు, లెక్క ఎలా నడుస్తుందో చెప్తున్నా.

పడితే ఏమవుతుంది? కొన్నేళ్లుంచి లాభానికి అమ్మితే, ఆ లాభాన్ని ఉంచుకున్న రోజులన్నిటికీ పంచుతారు. వెనకటి పీఎఫ్ఐసీ ఏళ్ల భాగానికి అత్యధిక రేటు, పైగా వడ్డీ. ఫారం 8621 నింపాలి. ఇండియా మ్యూచువల్ ఫండ్లున్న ఎన్నారైలకు ఈ తలనొప్పి బాగా తెలుసు. క్యూఈఎఫ్ అనే దారి ఉంది, కానీ దానికి కావాల్సిన లెక్కలు కంపెనీయే ఇవ్వాలి.

కాబట్టి కొనేముందు వార్షిక నివేదికలో రెండు చూడండి: క్యాష్ ఎన్ని నెలలకు సరిపోతుంది, పీఎఫ్ఐసీ గురించి కంపెనీ ఏం రాసింది. మీ లెక్క మీ సీపీఏతో సరిచూసుకోండి.