పసిబిడ్డల చదువునకుఁ బాటయే తొలిమెట్టు: స్పానిషు భాషీయుల యుదాహరణము



 ఈ వార్షిక మహాసభయందు విద్యావిషయమునఁ బ్రసంగింపుఁడని ఆహ్వానసంఘమువారు మమ్ముఁ గోరిరి. ఉన్నతవిద్యను గూర్చియు, విద్యార్థివేతనములను గూర్చియు మన పెద్దలు పలువురు చెప్పియే యున్నారు. మేము మాత్ర మయిదేండ్ల పసిబిడ్డను గూర్చి మాటలాడఁ దలఁచితిమి. ఇది చిన్న విషయముగాఁ దోఁపవచ్చును. కాని చదువునెడల బిడ్డకు మక్కువ కలుగుటయో, వెగటు పుట్టుటయో తఱచుగా నా వయస్సుననే జరుగుచున్నది.

మొదట మా సిగ్గును మేమే విన్నవించుకొనెదము. మా కుమారుఁడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునఁ గాఁపురమున్నాఁడు. మే మచటికిఁ బోయినపుడు మా మనుమరాలు పొరుగింటి మెక్సికోదేశపు అవ్వయొద్ద నాడుకొనుచుండెడిది. ఆ యవ్వ పిల్లల నందఱను గూర్చుండఁబెట్టి 'లొతెరీయా' యను నాట నాడించెడిది. అది మన మెఱిఁగిన తంబోలా వంటిదే. అంకెలకు బదులు బొమ్మ లుండును. చీట్లు మొత్తము 54. ప్రతి చీటిమీఁద నొక బొమ్మయు, దాని క్రింద దాని పేరును నుండును. ఆడువారి పలకమీఁద నొక్కొక్కరికి 16 బొమ్మలు. చీటి తీయువారు పేరును ఊరక చెప్పక, పొడుపుకథవలెనో, చిన్న పదమువలెనో రాగముతీసి పిలుతురు. బొమ్మ దొరకినవారు దానిపైఁ జిక్కుడుగింజ నుంతురు. కోడిపుంజు, చందమామ, సూర్యుఁడు, చెట్టు: బిడ్డ మొదట బొమ్మను జూచును, పేరును వినును, కొన్నాళ్లకు బొమ్మక్రింది యక్షరములను గుర్తించును. నెల తిరుగకమునుపే మా మనుమరాలు 'గాయో', 'లూనా', 'సోల్' అని యా పేళ్లను వ్రేలితోఁ జూపి చదువసాగినది. తెలుఁగునందో, 'అ' యను నక్షరమైన నామె యెఱుఁగదు. తప్పు బిడ్డది కాదు. మే మామె కొక జోలపాటయైనఁ బాడియుండలేదు. ఆ యవ్వ చేసిన పనిని మేము చేయలేదు. నాఁటినుండి యా ప్రజలు తమ బిడ్డలకుఁ జదువు నెట్లు నేర్పుదురో యడిగియుఁ జదివియుఁ దెలిసికొంటిమి. అందు ముఖ్యమైనదానిని మీ ముందుంచుచున్నాము.

స్పానిషు భాషలో అచ్చు లైదు; ఒక్కొక్క యచ్చునకు నొక్కటే ధ్వని. వ్రాఁతకును బలుకునకును బొత్తు హెచ్చు. కావున వారి బడులలోఁ జిరకాలముగా బిడ్డలకు ముందుగా నచ్చులను జెప్పి, పిమ్మట హల్లుతోఁ గూర్చి 'మ, మె, మి, మొ, ము' అని వల్లింపఁజేయుట వాడుక. ఇది వినఁగానే మీకు మన గుణింతము జ్ఞప్తికి వచ్చియుండును. భాషలు వేఱైనను మార్గ మొక్కటియే.

ఆ వల్లెను వారు పాటగా మార్చిరి. ప్రశాంతమగు సముద్రమును గూర్చిన చిన్నపాట యొకటి వారి పిల్లలలోఁ గలదు. దానిని మొద టున్నదున్నట్లు పాడుదురు. తరువాత మాటలలోని యచ్చుల నన్నింటిని 'అ'కారముగా మార్చి పాడుదురు. ఆపై 'ఎ'కారముగా, 'ఇ'కారముగా, ఇట్లైదుమాఱులు. పిల్లలు పకపక నవ్వుదురు. నవ్వుచునే, మాట యనఁగా ధ్వనుల కూర్పనియు, ధ్వని మాఱిన మాటయు మాఱుననియు గ్రహింతురు. ఏ వ్యాకరణపాఠమును ఆ వయస్సున నింతటి జ్ఞానమును గలిగింపఁజాలదు. చిలీదేశపు ఇస్మాయెల్ పర్రాగెస్ 1907లోఁ బ్రకటించిన కోడిపిల్లల పాట స్పానిషు మాటలాడు దేశములం దెల్ల వ్యాపించినది. ఆఁకలిచేతను చలిచేతను పిల్లలు కూయఁగాఁ దల్లికోడి జొన్నగింజలు వెదకి తెచ్చి, ఱెక్కలక్రిందఁ గప్పునని దాని భావము. ఆ దేశముననే బడిపంతులమ్మగా జీవితము నారంభించిన గబ్రియేలా మిస్త్రాల్ 1924లోఁ బిల్లలకొఱకు జోలపాటలు, గుండ్రముగాఁ దిరుగుచుఁ బాడు పాటలు గూర్చి గ్రంథముగా వెలువరించినది. ఆమెకే 1945లో నోబెలు బహుమాన మొసంగఁబడినది. అంతటి కవయిత్రియు జోలపాటను జిన్నతనముగా నెంచలేదని మన మెఱుఁగవలెను.

ఇఁక స్వదేశమును వీడి పోయినవారి సంగతి. ప్యూర్టోరికో ద్వీపమునఁ బుట్టిన పూరా బెల్‌ప్రే యను నామె 1921లో న్యూయార్కు నగరమందలి హార్లెము పేటలోని ప్రజాగ్రంథాలయశాఖలో నుద్యోగమునఁ బ్రవేశించెను. ఆ నగర గ్రంథాలయములలోఁ గొలువు చేసిన తొలి ప్యూర్టోరికో వనిత యామెయే. అలమారులలోఁ దన దేశపుఁ గథ యొక్కటియుఁ గానరాలేదు. తన యమ్మమ్మ చెప్పిన కథల నామె పిల్లలకు నోటితోఁ జెప్పసాగినది, బొమ్మలాటలుగా నాడించినది, ఇంగ్లీషునందును స్పానిషునందును గథాకాలక్షేపములు జరిపినది. 1932లో 'పెరెస్, మార్తీనా' యను కథ యచ్చుపడినది. మార్తీనా యను బొద్దింకకన్య తన్నుఁ బెండ్లాడ వచ్చిన ప్రతి జంతువును 'నాతో నెట్లు మాటలాడెద' వని యడుగును. ఒక్కొక్కటియుఁ దన కూఁత కూయును. తుద కామె పెరెస్ యను నెలుకను వరించును. ఈ కథ వినుచు బిడ్డ యొక్కొక్క ధ్వనిని వేఱుపఱచి గుర్తించును, అనుకరించును, తరువాత నేది వచ్చునో యని యెదురుచూచును. చదువునకు వలసిన చెవి యిట్లు సిద్ధమగును. ఆమె 1982లో దివంగతురాలైనది. 1996నుండి యామె పేర బాలసాహిత్య పురస్కార మొసంగఁబడుచున్నది.

కుల సంఘముగా మనము వినవలసిన కథ యింకొకటి కలదు. టెక్సాసులోని మెక్సికో సంతతివారు 1929లోఁ గార్పస్ క్రిస్టీ నగరమున నొక సంఘమును స్థాపించిరి. లాటిన్ అమెరికా పౌరుల సమితి యని దాని పేరు. వారి బిడ్డ లింగ్లీషు రాక బడిలో మొదటి తరగతియందే వెనుకఁబడుచుండిరి. ఆ సంఘాధ్యక్షుఁడు ఫెలిక్స్ తిహెరీనా హ్యూస్టనులో భోజనశాల నడపిన గృహస్థు. ఆయన పూనికతో 1957లో, గనాడో యను చిన్న పట్టణమున, పదునేడేండ్ల కన్య యుపాధ్యాయినిగా, బడి కేఁగఁబోవు పసివారికి నాలుగువందల ఇంగ్లీషు మాటలు నేర్పు చిన్నబడి వెలసెను. రెండేండ్లలో రాష్ట్రశాసనసభయే యా పద్ధతికిఁ జట్టము చేసినది. గమనింపుఁడు: సంఘ మొక భవనమును గట్టలేదు, ఒక బాలికను, కొందఱు బిడ్డలను, నాలుగువందల మాటలను జేర్చినది.

అయినను ఆ చిన్నబడి నేర్పినది పరభాష మాత్రమే. ఆ కాలమునఁ బెక్కుబడులలో స్పానిషు మాటలాడిన పిల్లలను దండించెడివారు. ఇంటిభాష పరభాషకు నడ్డు వచ్చునని తలిదండ్రులును భయపడిరి. ఈ భయమే నేఁడు మన యిండ్లలోను గలదు. 1963లో మయామి నగరమందలి కోరల్ వే పాఠశాల రెండు భాషలలోను బోధన నారంభించినది. 1993లోఁ బ్రకటింపఁబడిన యొక పరిశోధనలో, స్పానిషు మాటలలోని ధ్వనులను విడఁదీసి గుర్తింపఁగల మొదటితరగతి పిల్లలే యింగ్లీషు మాటలను గూడ మేలుగాఁ జదివిరని తేలినది. అనఁగాఁ దల్లిభాషలోఁ బదునెక్కిన చెవి పరభాషకును బనికివచ్చును. తల్లిపాట బిడ్డ యింగ్లీషును జెఱుపదు; దానికి దోహద మగును.

ఇచట నొక హెచ్చరిక. పాట యొక్కటియే చదువు కాదు. పాడిన పిమ్మట నక్షరమును జూపవలెను. చూపినదానిని మఱలఁ బాడింపవలెను. లొతెరీయా చీటిపై బొమ్మక్రిందఁ బేరు లేకున్నచో మా మనుమరా లాటాడియుండును గాని చదివియుండదు. మన వీథిబడులలోఁ బిల్లలు పద్యములను రాగముతో వల్లించుచు, నిసుకలో నక్షరములు దిద్దెడివారు. చెవియుఁ గన్నును వ్రేలును నొక్కటిగాఁ బనిచేసెడివి. ఆ బడులలోని బెత్తమును మనము విడుచుట మేలే. పాటను గూడ విడుచుట మాత్రము నష్టము.

కాన నీ మహాసభకు మేము మూఁడు విన్నపములు చేయుచున్నాము. మన సంఘ వసతిగృహములందు ఆదివారమున నొక్కగంట పసిబిడ్డల పాటకును గథకును గేటాయింపుఁడు. మన పైతరగతి విద్యార్థినులను దానికి నడపువారినిగా నియమించి, వారి వేతనముల కీ సేవను జోడింపుఁడు. మన పల్లెలలోని వృద్ధమాతలకు వచ్చిన జోలలను, లాలిపాటలను, పొడుపుకథలను బెద్దయక్షరములలో బొమ్మలతో నచ్చువేయించి, వచ్చు సభనాఁటికి బ్రతియింటికిఁ బంచుఁడు. వీనికి భవనము లక్కఱలేదు. గొప్ప మూలధనమును నక్కఱలేదు.

మా మనుమరాలి కిపు డాఱేండ్లు. పోయిన వేసవిలో మా కడకు వచ్చినది. మేము అట్టలు కత్తిరించి బొమ్మలు గీసి, వానిక్రింద 'కోడి', 'చెట్టు', 'చందమామ' యని వ్రాసి, రాగముతీసి పిలిచితిమి. గొంతు వణఁకినది, మాకుఁ బాట వచ్చునని మేమే మఱచియుంటిమి. పదునాలుగవ నాఁడు బిడ్డ చందమామను బొమ్మ మూసి చదివినది. ఆలస్యమైనను, ఆరంభమైనది. మీ యిండ్లలో నా యాలస్యము కాకుండుఁగాక యని ప్రార్థించుచున్నాము.