మంచి పనికి అమ్మే సరుకు
(లింగాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



పేద పిల్లల చదువుకై మొక్కలు, ఇండ్లలోని పాత సామాను అమ్మి డబ్బు కూడబెట్టాలని మన సంఘం తలపెట్టింది. చాలా సంతోషం. అయితే ఒక్క మాట విన్నవించుకుంటాను. "ధర్మానికే కదా, సరుకు ఎట్లుంటే ఏమి?" అనే మాట మన నోట రాకూడదు.

మదీనా బజారులో ప్రవక్త (స) వారు ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన గింజలను జనం చూసేట్లు పైన పెట్టకపోయావా అని మందలించారు. మన సంతకూ అదే కొలత.

మన ప్రాంతం చీనీ, అరటి తోటలకు పేరుపడింది గదా. చీనీ అంటుమొక్క కొనేటప్పుడు ఆకు పచ్చగా ఉంటే చాలదు. అంటుకు కింద వచ్చే చిగురు చీనీది కాదు, జంబేరిదో మరొక నిమ్మదో అవుతుంది. దాన్ని గిల్లేయాలి. తెగులు పట్టిన చెట్టు కన్ను తెచ్చి అంటు కడితే ఆ తెగులు కొత్త మొక్కకూ వస్తుంది. కాపుకు నాలుగైదేండ్లు పడుతుంది. అన్నాళ్లు పోసిన బోరు నీళ్లు ఎవరు తిరిగిస్తారు? కాబట్టి ఏ తోట అంటో అమ్మేవారే చెప్పాలి. నాటిన చెట్టు ఫలం మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవారికి సదఖా అని హదీసు. చెడ్డ మొక్క అమ్మితే ఆ పుణ్యానికి అడ్డుపడినట్లే.

ఇక పాత సామాను. కళాయి పోయిన రాగి దేగులో పులుసు వండితే ఒంటికి చెరుపు. ఆ సంగతి చెప్పే అమ్మాలి. తాతల నాటి చేతివ్రాత కితాబులు దొరికితే తూకానికి వేయకండి. 75 ఏండ్లు దాటిన విలువైన వ్రాతప్రతులు, నూరేండ్లు దాటిన నాణేలు, శిల్పాల వంటివి 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. ముందు తెలిసినవారికి చూపించండి. మసీదుకు, దర్గాకు వక్ఫ్ చేసిన వస్తువైతే ఈ సంతకు రానే రాకూడదు. అది అమ్మే హక్కు మనకు లేదు.

కొనేవారికీ ఒక మనవి. బేరమాడడం తప్పు కాదు. కానీ ఇక్కడ తగ్గించిన పది రూపాయలు ఒక పిల్లవాని నోటుబుక్కులోంచి తగ్గుతాయని మరువకండి.

అమ్మేవారికి నిజం చెప్పే, కొనేవారికి మనసారా ఇచ్చే తౌఫీఖ్ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.