పరిహారధనము – బిడ్డ జీవితకాలము

ముఖ్యంగా ఈ దేశంలో పుట్టి పెరిగిన మీకే నా మనవి. ప్రమాదంలో శాశ్వతంగా వికలాంగుడైన తమ్ముడుంటే, తల్లిదండ్రుల అనంతరం అతని భారం మీదే.

1969లో ఐస్‌క్రీం బండి వద్ద ఒక కారు ఢీకొని నాలుగున్నరేళ్ల బాలిక మెదడు తీవ్రంగా దెబ్బతిన్నది. ఆర్నాల్డ్–టెనో వ్యాజ్యంగా ప్రసిద్ధమైన ఆ కేసులో 1978లో కెనడా సుప్రీంకోర్టు వేదనకు ఇచ్చే పరిహారాన్ని లక్ష డాలర్లకు పరిమితం చేసి, భావి సంరక్షణకే ప్రాధాన్యమిచ్చింది.

ఆ సంరక్షణధనం ఒకేసారి చేతికందితే సలహాలకు కొదవ ఉండదు. హైదరాబాదులో స్థలం కొనమంటారు. రాత్రి బిడ్డను ప్రక్కకు తిప్పవలసిన సహాయకురాలికి జీతం ఆ స్థలం ఇస్తుందా?

స్ట్రక్చర్డ్ సెటిల్‌మెంట్‌లో పరిహారంలో కొంత భాగంతో జీవితబీమా సంస్థనుండి యాన్యుయిటీ కొంటారు. బిడ్డ జీవించినంతకాలం నెలనెలా సొమ్ము వస్తుంది. దానిపై ఆదాయపు పన్ను లేదు. ధరలతోపాటు పెరిగేటట్లు కూడా ఏర్పరచవచ్చు. అయితే, ఒకసారి కుదిరినది మారదు. కనుక ఎదిగే బిడ్డకు మార్చవలసిన చక్రాల కుర్చీకి, ఇంటి మార్పులకు కొంత విడిగా ఉంచాలి.

వైద్యులు ఆయుర్దాయం తక్కువని అంచనా వేస్తే, అదే ధనానికి నెలసరి మొత్తం పెరుగుతుంది. తల్లి చెవికది శాపమే. అటువంటి అంకె వ్రాయడం నాకెన్నడూ సులభం కాలేదు. అయినా, బిడ్డ ఆ అంచనాను దాటి బ్రతికితే చెల్లింపు ఆగదు.

మైనరు రాజీకి న్యాయస్థానం ఆమోదం తప్పనిసరి. అంతకు ముందే అమ్మానాన్నల ప్రక్కన కూర్చుని, ఆ ఇంగ్లీషు పత్రాలను తెలుగులో విడమరచి చెప్పండి.