గాజుతొట్టిలో నాచు తిను చిన్న చేప – పెంపకములో జాగ్రత్తలు

(గుడిమల్కాపూర్‌లో పూల రైతులకు, కూరగాయల రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



తెల్లవారక మునుపే చేవెళ్ల, శంకరపల్లి, మొయినాబాదు వైపులనుండి చేమంతి, బంతి పూలతో మీరు ఈ గుడిమల్కాపూర్ మార్కెటుకు వచ్చెదరు. సరుకు అమ్ముడైన పిదప ఇంటికి మరలునప్పుడు పిల్లలకేదైనా కొనిపోవుట మనకు అలవాటు. ఈ మధ్య మిఠాయి పొట్లముతోపాటు చిన్న గాజుతొట్టి, అందులోనికి నాలుగు నీటిమొక్కలు, రంగుచేపలు కూడ పల్లెలకు చేరుచున్నవి. కొన్నాళ్లకు అద్దముపై పాచి పట్టును. దానిని తినునని చెప్పగా "నాచు చేపలు" రెండు కొందురు. పది దినములు తిరుగకముందే అవి వెల్లకిల పడును. "నీరు తేటగా ఉంచితిమి, అద్దము రోజూ తుడిచితిమి. అయినను ఎందుకు చచ్చినవి?" అని నన్ను అడిగినవారు పలువురు.

నేను పైరుల సాగు బోధించువాడను. అయినను ఈ ప్రశ్నకు జవాబు పొలము సంగతి తెలిసినవారికి సులభముగా బోధపడును. అద్దము రోజూ తుడుచుటయే కారణము. చాలావరకు ఆ చేపలు జబ్బుతో కాదు, ఆకలితో చచ్చినవి.

ఏ చేపను కొనవలెను?

దుకాణములలో నాచు తిను చేప, సక్కర్ చేప అను పేర్లతో రెండు వేరువేరు రకములు దొరకును. రెండును దక్షిణ అమెరికా నదులకు చెందినవే. మన జెల్ల, మార్పు చేపలకు దూరపు చుట్టములు. పొలుసులకు బదులు ఒంటిపై ఎముక పలకలుండును. నోరు క్రిందివైపు గుండ్రముగా ఉండి రాతిని, ఆకును కరచుకొని పట్టును.

మొదటిది ఒటోసింక్లస్. ఈ ప్రజాతికి అమెరికా శాస్త్రజ్ఞుడు కోప్ 1871లో ఆ పేరు పెట్టెను. ఎంత ఎదిగినను 4, 5 సెంటీమీటర్లు మించదు. సన్నని ఒడలు, మూతినుండి తోకవరకు నల్లని చార దీని గుర్తులు. రెండవది ప్లెకో. దీని శాస్త్రనామము టెరిగోప్లిక్తిస్. దుకాణములో ఇది రెండంగుళముల పిల్లగానే కనిపించును. కాని ఒడలంతయు మచ్చలు, వీపుపై తెరచాపవంటి పెద్ద రెక్క ఉండును. ఇది పెరిగి మూరెడు పొడవగును, మొక్కలను పెకలించును. మొక్కలున్న ఇంటి తొట్టికి తగినది మొదటిదే.

తొట్టి కూడ పొలమే

దున్నని నేలలో ఎవరును నారు నాటరు. తొట్టి సంగతియు అంతే. చేపల విసర్జనము, మిగిలిన మేత కుళ్లి అమోనియా పుట్టును. అది చేపలకు విషము. మెట్టపొలములో అమోనియా ఎరువును ఏ సూక్ష్మజీవులు మార్చునో, తొట్టిలోను ఆ జాతి జీవులే పనిచేయును. కొన్ని అమోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మరికొన్ని దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటును మొక్కలు తినును. ఈ సూక్ష్మజీవులు ఇసుకలోను, ఫిల్టరు స్పాంజిలోను స్థిరపడుటకు 4 మొదలు 6 వారములు పట్టును.

కనుక 60 సెంటీమీటర్ల పొడవు, సుమారు 50, 60 లీటర్ల నీరు పట్టు తొట్టిని ఎన్నుకొని, ఇసుక పరచి, వాలిస్నేరియా, జావా ఫెర్న్ వంటి మొక్కలు నాటి, ఫిల్టరు నడుపుచు, గట్టి ప్రాణము గల చేపలు రెండు మూడు మాత్రమే మొదట ఉంచవలెను. దీపము రోజుకు 6 మొదలు 8 గంటలు చాలును. రెండు నెలలు గడచి, రాళ్లపై, ఆకులపై గోధుమరంగు లేక పచ్చని పలుచని పొర కనిపించిన పిదపనే ఒటోలను తేవలెను. ఆ పొరయే వాటి మేత. ముందువైపు అద్దము మాత్రము తుడిచి, వెనుక, ప్రక్క అద్దములను విడిచిపెట్టుడు. స్పాంజిని కుళాయి క్రింద కడుగరాదు. క్లోరినువల్ల మేలుచేయు జీవులు చచ్చును. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండి మరల పెట్టవలెను.

కొనునప్పుడు, తెచ్చునప్పుడు

అమ్మకమునకు వచ్చు ఒటోలలో అధికభాగము నదులలో పట్టినవి. పట్టిననాటినుండి దుకాణము చేరువరకు వాటికి సరియైన మేత ఉండదు. పొట్టలో జీర్ణమునకు సాయపడు సూక్ష్మజీవులు కూడ తగ్గిపోవును. అందుచే దుకాణమునకు వచ్చిన దినముననే కొనక, వారము, పది దినములు ఆగి బ్రతికి నిలిచినవానిని ఎన్నుకొనవలెను. చేప అద్దమును పట్టుకొని ఉన్నప్పుడు పొట్ట చూడుడు. గుండ్రముగా ఉన్నచో మంచిది. లోపలికి పీక్కొనిపోయినచో కొనరాదు. దూడను కొనునప్పుడు డొక్క చూచినట్లే ఇదియును.

ఇవి గుంపుగా జీవించు చేపలు. ఒకటి, రెండు గాక ఐదారు ఉండవలెను. ఇంటికి తెచ్చిన పిదప సంచి నీటిలో పది నిమిషములకొక గిన్నెడు తొట్టినీరు కలుపుచు, గంట, గంటన్నర కాలము అలవాటు చేసి, చేపలను మాత్రమే తొట్టిలోనికి విడువవలెను. పెద్ద చేపలున్న తొట్టిలో వీటిని ఉంచరాదు. మ్రింగబోయిన చేప గొంతులో దీని ముళ్లు నిలిచిపోయి రెండును చచ్చును.

మేత

60 లీటర్ల తొట్టిలోని నాచు ఆరు చేపలకు ఎల్లకాలము చాలదు. ఇక్కడనే చాలమంది పొరబడుదురు. పసువుల కొట్టములో గడ్డి తగ్గినట్లే తొట్టిలో నాచు తగ్గును. కీరదోస, సొర, బీర ముక్కలుగాని, పాలకూర ఆకుగాని మరుగు నీటిలో రెండు నిమిషములు ఉంచి, చల్లార్చి, చిన్న రాయికి కట్టి సాయంకాలము తొట్టిలో దింపవలెను. తెల్లవారిన పిదప మిగిలినది తీసివేయవలెను. వారమునకు మూడు నాలుగు పర్యాయములు ఇట్లు పెట్టవచ్చును. మందు చల్లని పాదులోని కాయనే వాడుడు. మొదట అవి ముట్టకపోవచ్చును. నాలుగైదు రాత్రులు ఓపిక పట్టినచో అలవాటుపడును.

మరియొక సులభమైన ఉపాయము కలదు. నున్నని గులకరాళ్లు ఒక బేసినులో నీటిలో వేసి ఎండలో పెట్టుడు. ఒకటి, రెండు వారములకు వాటిపై పచ్చని పొర పట్టును. ఆ రాళ్లు తొట్టిలో పెట్టి, చేపలు నాకి శుభ్రపరచిన రాళ్లను మరల ఎండకు మార్చుచుండుడు. పశుగ్రాసపు మడిని కోసి, మరల పెంచినట్లు ఇది సాగును. అయితే నల్లని కుచ్చువలె పెరుగు పాచిని, దుర్వాసనగల నీలిపచ్చ జిగురును ఈ చేపలు తినవు. వాటిని చేతితో తీసివేయవలసినదే.

నీరు, ఎండకాలము

వారమునకొకమారు ఐదవవంతు నీరు మార్చినచో చాలును. మొత్తము నీరు పారబోసి కడుగుట ప్రమాదము. నగరపు కుళాయి నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము నిలువ ఉంచి వాడుట మంచిది. దుకాణములలో హైపో అను పేరుతో దొరకు సోడియం థయోసల్ఫేటు కూడ క్లోరినును విరుచును. మన రాతినేలల బోరునీరు తరచు గట్టిగా ఉండును. శుభ్రముగా పట్టిన వాననీరు కొంత కలిపి వాడుడు.

ఒటోకు 22 మొదలు 26 డిగ్రీల వేడి అనుకూలము. ఏప్రిల్, మే నెలలలో మన ఇండ్లలో నీరు 30 డిగ్రీలు దాటును. నీరు వేడెక్కినకొలది అందులో కరగు ప్రాణవాయువు తగ్గును. 25 డిగ్రీలలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు పట్టునది, 32 డిగ్రీలలో 7 మిల్లీగ్రాములకు దిగును. చేపకు మాత్రము వేడిలోనే ఎక్కువ ప్రాణవాయువు కావలెను. కనుక తొట్టిని కిటికీ ఎండకు దూరముగా ఉంచి, గాలిపంపు నడిపి, నీటిపై ఫ్యాను గాలి తగులునట్లు చేయుడు. కరెంటు పోయినచో గిన్నెతో నీరు ముంచి ఎత్తునుండి పోయుచుండుడు. మంచుగడ్డలు వేయరాదు. ఒక్కసారిగా వచ్చు మార్పును ఈ చేప తట్టుకొనలేదు.

పురుగుమందుల విషయము

ఇది ముఖ్యముగా మీకు చెప్పవలసిన మాట. చేమంతిపై తామరపురుగులకు, గులాబీపై ఇతర పురుగులకు మనము చల్లు సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి మందులు చేపలకు అతి ప్రమాదకరములు. ఆకుమచ్చకు వాడు రాగి మందులు కూడ ఒటోకు హాని చేయును. మందు చల్లిన చేతితో తొట్టిని ముట్టరాదు. స్నానము చేసి, బట్టలు మార్చిన పిదపనే మేత వేయుడు. మందు కలిపిన బకెట్టును ఎంత కడిగినను తొట్టి నీటికి వాడరాదు. దీనికొక బకెట్టు ప్రత్యేకించుడు. పొలముల ప్రక్క కాలువలోని నాచుమొక్కలు తెచ్చి నాటరాదు.

ఇంటిలో దోమలకు చల్లు మందులలో కూడ అట్టి విషములే ఉండును. గాలిపంపు గదిలోని గాలినే నీటిలోనికి లాగును. కావున మందు చల్లక తప్పనప్పుడు పంపు ఆపి, తొట్టిపై తడిబట్ట కప్పి, గది తలుపులు తెరచి గాలి మారిన పిదప మరల పంపు నడుపవలెను. ఇతర చేపల జబ్బులకు ఉప్పు, రాగి మందులు తొట్టిలో వేయుమని ఎవరైన చెప్పినచో, ముందు ఒటోలను వేరు పాత్రలోనికి మార్చుడు.

చెరువులో వదలరాదు

తుదకు ఒక విన్నపము. పొరపాటున ప్లెకోను కొన్నచో, అది పెరిగి తొట్టి చాలనప్పుడు, "పాపము, బ్రతకనీ" అని చెరువులో విడుచుట జరుగుచున్నది. ఆ దయ ఊరికి కీడగును. ఈ చేప గట్లలో మీటరు లోతువరకు బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. దాని ముళ్లకు వలలు చినుగును. నీటిలో ప్రాణవాయువు తగ్గినను పైకి వచ్చి గాలి మ్రింగి బ్రతుకును. మన రెండు తెలుగు రాష్ట్రముల జలాశయములలో ఇది ఇప్పటికే కనిపించుచున్నది. తూర్పు కనుమల నీటివనరులలో దీని వ్యాప్తిని, నీటిలో మిగిలిన డి.ఎన్.ఎ. ఆనవాళ్లను బట్టి హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు గుర్తించినారు. మట్టికట్ట చెరువు క్రింద సేద్యము చేయు మనకు ఆ బొరియల అర్థము వేరుగ చెప్పనక్కరలేదు.

కావున అక్కరలేని చేపను దుకాణమునకు తిరిగి ఇయ్యుడు, లేదా పెద్ద తొట్టి గలవారికి ఇయ్యుడు. ఒటోయైనను, రంగుచేపయైనను, నీటిమొక్కయైనను చెరువులోగాని, వ్యవసాయ బావిలోగాని, మూసీలోగాని వేయరాదు. తొట్టినుండి తీసిన పాతనీరు మాత్రము పారవేయక మల్లెపాదుకు, చేమంతి మడికి పోయుడు. అందులోని నైట్రేటు వాటికి మంచి ఎరువు.

తొట్టిని పొలమువలె సిద్ధము చేసి, చేప పొట్టను దూడ డొక్కవలె చూచుకొన్నచో, ఈ చిన్న చేప మీ పిల్లల యెదుట కొన్ని సంవత్సరములు ఆరోగ్యముగా తిరుగాడును. మీ తొట్టిలో ఇప్పటికే ఒటోలున్నచో, ఈ రాత్రి దీపము ఆర్పకముందు వాటి పొట్టలు ఒకసారి చూడుడు. పీక్కొనిపోయి ఉన్నచో, వెంటనే ఒక కీరదోస ముక్క ఉడికించి వేయుడు.