లాడం తీసిన మర్నాడు

వెనక గోడవారగా నిలబడ్డ సాయీసులు ముందుకొచ్చి కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

గుర్రపు డెక్క అనగానే మనవాళ్లకు చెరువంతా అల్లుకుపోయే కలుపు మొక్క గుర్తొస్తుంది. అసలు డెక్కను ఎత్తి చూసినవాళ్లు తక్కువ. దాని కింద కొట్టే ఇనుము మాత్రం అందరికీ తెలుసు. గుమ్మానికి కొట్టుకుంటాం, శనిదోషం పోవాలని ఉంగరం చేయించుకుంటాం. ఆ ఇనుము మనకు తెచ్చే అదృష్టం సంగతి అలా ఉంచి, గుర్రానికి ఏం చేస్తుందో మాట్లాడుకుందాం.

నా తప్పుతోనే మొదలుపెడతాను. పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, లాడాలు లేకుండా గుర్రాలను పెంచడం గురించి ఒక పుస్తకం చదివాను. చదివిన వారానికే ఒక స్వారీ శిక్షణశాలలో ఎర్రగుర్రం ఒకటి దొరికింది. మడమలు ముడుచుకుపోయి ఉన్నాయి. యజమానికి నచ్చజెప్పి ఒక పొద్దున నాలుగు లాడాలూ ఊడదీయించాను. అరికాలు 'శుభ్రంగా' ఉండాలని కత్తితో పొర మీద పొర చెక్కాను కూడా. సాయంత్రం దాన్ని కంకర బాట మీద నడిపించారు. మర్నాడు అది కొట్టంలోంచి అడుగు బయట పెట్టలేదు. గుర్రాన్ని చూస్తే కాళ్లనొప్పులు అని సామెత. నా పుణ్యమా అని ఆ నొప్పులు గుర్రానికే వచ్చాయి. దాన్ని చూసుకునే ముసలి సాయీసు నన్ను తిట్టలేదు. "చెప్పులు గుంజుకున్నరు డాక్టర్ సాబ్, మంచిదే. మరి నడక నేర్పిండ్రా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే నా వృత్తి జీవితం చాలామటుకు గడిచింది.

అసలు గిట్ట అంటే ఏమిటి? మీ చెయ్యి బల్ల మీద పెట్టి, మణికట్టు పైకి లేపి, మధ్యవేలి గోటి కొస మీద బరువంతా మోపండి. గుర్రం అలా నిలబడుతుంది. మిగతా వేళ్లన్నీ పరిణామక్రమంలో పోగొట్టుకుని, కాలికి ఒక్క మధ్యవేలితో మిగిలిన జంతువు అది. ముందుకాలి మోకాలని మనం పిలిచేది నిజానికి దాని మణికట్టు. అక్కణ్ణుంచి కిందికి చెప్పుకోదగ్గ కండరం లేదు. ఎముక, స్నాయువులు, తోలు, గోరు, అంతే. నాలుగైదు వందల కిలోల జంతువు నాలుగు గోళ్ల మీద పరుగెత్తుతోందన్నమాట. అందులోనూ ఇంచుమించు అరవై వంతులు ముందుకాళ్ల మీదే పడుతుంది.

గిట్ట లోపల చివరి ఎముక ఒకటుంది. అది గిట్ట గోడకు వేలాడుతూ ఉంటుంది. ఎముక వైపు నుంచి ఒక వరస, గోడ వైపు నుంచి ఒక వరస సన్నటి మడతలు, దాదాపు ఆరేసి వందలు, రెండు పుస్తకాల పేజీలను ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పెనవేసుకుని ఉంటాయి. ఆ పట్టు ఉన్నంతకాలం గుర్రం గుర్రం. పట్టు జారితే ఎముక కిందికి దిగుతుంది. దాన్నే లామినైటిస్ అంటాం.

ఇప్పుడు గిట్ట ఎత్తి అడుగు చూడండి. చుట్టూ గోడ, లోపల కొంచెం గుంటగా అరికాలు, మడమల మధ్య నుంచి ముందుకు సాగే మెత్తటి ముక్కోణం. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఫ్రాగ్ అన్నారు. హిందీ మాట్లాడే, లాడాలు కొట్టే నాల్‌బందులు పుత్లీ అంటారు. దానిపైన, మడమ లోపల మెత్త లాంటి కణజాలం ఉంటుంది. బాగున్న గుర్రం సమనేల మీద నడిచేటప్పుడు మడమ ముందు తాకుతుంది. తాకగానే మడమలు రవ్వంత విచ్చుకుంటాయి, ఆ మెత్త అదురును మింగేస్తుంది, గిట్టలో రక్తం పైకి తోసుకుపోతుంది. కాలు లేవగానే మళ్లీ దగ్గరవుతాయి. ప్రతి అడుగుకూ ఇదే. దాని చుట్టూ వంగని ఇనప కట్టు వేసి మేకులతో బిగిస్తే ఈ కదలిక ఎంతోకొంత తగ్గుతుంది. అరికాలు, ఫ్రాగ్ పంచుకోవలసిన బరువు గోడ అంచు మీదికి పోతుంది. లాడం మీద ఉన్న ఫిర్యాదంతా ఇదే.

ఈ ఫిర్యాదు కొత్తది కాదు; ఇనుము లేని గిట్ట గురించిన ఆలోచన ఇంకా పాతది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రాల పెంపకం మీద ఒక పుస్తకం రాశాడు. ఆ కాలానికి మేకులు కొట్టే లాడాలు లేవు. అందుకే ఆయన దృష్టంతా గిట్టను గట్టిపరచడం మీదే. కొట్టం ముందు, చేతిలో పట్టేంత గుండ్రాళ్లు నాలుగైదు బండ్లు పోయించి, గుర్రాన్ని మాలీషు చేసేటప్పుడు వాటి మీదే నిలబెట్టమన్నాడు. మంచి గిట్టను చప్పుడుతో గుర్తుపట్టవచ్చని, అది తాళంలా మోగుతుందని కూడా చెప్పాడు. రోమన్లు ఇనప పాదుకలను తాళ్లతో కట్టేవారు. మేకుల లాడం యూరప్‌లో మధ్యయుగాల్లోనే మామూలైంది. తడి నేలలు, రాత్రింబవళ్లు పేడలో నిలబెట్టే కొట్టాలు, కవచం తొడుక్కున్న రౌతు బరువు. ఇన్నిటి మధ్య ఇనుము అవసరమే అయింది. ఆ అవసరానికి మూల్యం ఎంతో లెక్కగట్టినవాడు లండన్ పశువైద్యుడు బ్రేసీ క్లార్క్. బతికున్న గుర్రం గిట్ట మీద చేసిన పరిశీలనలను 1809లో అచ్చువేయించాడు. లాడం కొట్టిన గిట్ట ఏళ్లు గడిచేకొద్దీ ఎలా సన్నబడి ముడుచుకుపోతుందో చూపించాడు. గిట్ట విచ్చుకోవడానికి వీలుగా కీలు పెట్టిన లాడం కూడా తయారుచేశాడు.

మన కాలంలో ఈ చర్చను లేవదీసింది జైమీ జాక్సన్ అనే అమెరికన్. ఆయన వృత్తిరీత్యా లాడాలు కొట్టేవాడే. 1982 నుంచి 1986 దాకా అమెరికా పశ్చిమాన గ్రేట్ బేసిన్‌లో తిరిగే అడవి గుర్రాల కాళ్లు చూసి, 1992లో ది నేచురల్ హార్స్ అనే పుస్తకం రాశాడు. ఎండు నేల మీద, రాళ్ల మీద రోజంతా తిరిగే ఆ గుర్రాల గిట్టలు పొట్టిగా, అంచులు గుండ్రంగా అరిగి, గట్టిగా ఉన్నాయి. ఎవరూ ఆకురాయి పట్టలేదు, ఎవరూ మేకు కొట్టలేదు.

ఇది విని మురిసిపోయేలోపు రెండో వైపు కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో బ్రంబీలనే అడవి గుర్రాల మీద క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ హాంప్సన్, క్రిస్ పాలిట్ పరిశోధన చేశారు. ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే అవి రోజుకు సగటున సుమారు 16 కిలోమీటర్లు నడుస్తున్నాయి. చిన్న దొడ్డిలో ఉంచిన గుర్రానికి ఒక్క కిలోమీటరు దాటడమే గగనం. కానీ ఆ బ్రంబీల గిట్టలన్నీ బాగాలేవు. మెత్తటి నేల మీద తిరిగేవాటి గిట్టలు పెరిగి అంచులు విచ్చుకున్నాయి. రాతినేల మీద తిరిగేవాటిలో లామినైటిస్ జాడలు కూడా కనిపించాయి. అడవిలో ఉంటే చాలు ఆరోగ్యం అన్న మాట నిలవలేదు. ఏ నేల మీద బతికితే ఆ నేలే గిట్టను చెక్కుతుందన్నది మాత్రం గట్టిగా నిలబడింది.

మన గుర్రాలకు ఆ నేల లేదు కాబట్టే మన చేతికి ఆకురాయి వచ్చింది. విద్యార్థులు ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి.

కత్తి తీసేముందు గుర్రాన్ని సమనేల మీద నడిపించి పక్కనుంచి చూడండి. మడమ ముందు తాకుతోందా, ముందుకొస ముందు తాకుతోందా? కొసతో నడుస్తుంటే మడమలో నొప్పి ఉందని అనుమానించాలి. తర్వాత గిట్ట ఎత్తి కొక్కెంతో మట్టి, పేడ గీరేయండి. అరికాలిలో సుద్దలా రాలిపోయే పొర ఉంటే దాన్ని తియ్యవచ్చు. దానికింద నున్నగా, మైనంలా మెరిసేది సజీవమైన అరికాలు. దాని జోలికి పోవద్దు. ఎముకకూ రాయికీ మధ్య ఉన్న రక్షణ అదొక్కటే. నేను ఆ రోజు చెక్కి పారేసింది సరిగ్గా దాన్నే.

గోడను ఎంత తగ్గించాలో అరికాలే చెబుతుంది. మడమ మూలలో, గోడ లోపలికి మడత తిరిగేచోట అరికాలు ఎంత ఎత్తుందో, మడమ దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే పైన ఉండాలి. అక్కణ్ణుంచి చుట్టూ అదే కొలత. ఫ్రాగ్‌ను అందంగా చెక్కడం మనవాళ్లకు సరదా. చిరిగి వేలాడే పీలికలు, మురికి దాక్కునే మడతలు తప్ప ఏమీ తియ్యవద్దు. అది నేలను తాకితేనే దాని పని చేస్తుంది.

ఇప్పుడు గిట్టను ముందుకు చాపి పైనుంచి చూడండి. వెంట్రుకల గీత దగ్గర కొత్తగా దిగే అంగుళం గోడ ఏ వాలులో ఉందో గమనించండి. ఆ వాలే కిందిదాకా సాగాలి. మధ్యలో విరిగి పరికిణీ అంచులా బయటికి విచ్చుకుంటే, ప్రతి అడుగుకూ గోడ ఎముక నుంచి చీలుతోందని అర్థం. కొసను వెనక్కి తెచ్చి, అంచును ఆకురాయితో గుండ్రంగా మలచాలి. అడవి గుర్రానికి రాళ్లు చేసిపెట్టే పనే ఇది. పదునైన అంచు వదిలేస్తే అది పెచ్చులూడుతుంది, చీలుతుంది.

ఇది నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, కొంచెం కొంచెంగా చెయ్యాల్సిన పని. మూడు నెలలు వదిలేసి ఒక్కరోజున అంతా కోసేస్తే నాలుగు కాళ్ల మీద నాలుగు కొత్త కోణాలు, కీళ్లు ఓర్చుకోలేవు.

చేతిపని అయింది. ఇక మేత. మన భాషలో ఇంకో సామెత ఉంది: గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. గిట్టల విషయంలో ఈ సామెత ప్రాణం తీస్తుంది. కుంటుతూ పనిలేక నిలబడ్డ పొట్టిగుర్రానికి జాలిపడి ఉలవలు, తవుడు, బెల్లం పెడుతూపోతారు. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పొట్టిగుర్రాల రక్తంలో ఇన్సులిన్‌ను ఎక్కువసేపు అధికంగా ఉంచి చూశారు. వాటికి లామినైటిస్ వచ్చింది. అంటే ఇన్సులిన్‌ను పెంచే పిండిపదార్థం, చక్కెర చివరికి గిట్టకే తగులుతాయన్నమాట. కరువు నేలల్లో గడ్డిపోచతో బతికిన జాతులు ఈ పొట్టిగుర్రాలు. మన ప్రేమను అవి అరిగించుకోలేవు. పదమూడో శతాబ్దం చివర వచ్చిన మార్కో పోలో, పాండ్యదేశంలో గుర్రాలకు అన్నం, మాంసం వండిపెట్టేవారని, ఏటా వేలకొద్దీ దిగుమతైన గుర్రాల్లో ఏడాది తిరిగేసరికి మిగిలేవి కొన్నేనని రాశాడు. గుర్రాల వైద్యం తెలిసినవాళ్లను వర్తకులు అటు రానిచ్చేవారు కాదట. చస్తేనే కదా మళ్లీ బేరం! ఎండుగడ్డి ఎక్కువ, దాణా తక్కువ, చేసే పనికి తగ్గ మేత. ఇది ఏ ఆకురాయీ చెయ్యలేని వైద్యం.

వానాకాలం మన అసలు పరీక్ష. రోజంతా బురదలో, మూత్రంలో నానిన గిట్ట మెత్తబడుతుంది. ఫ్రాగ్ గాడిలో నల్లగా, ముక్కు మూసుకునేంత కంపుతో కుళ్లు పడుతుంది. కొట్టంలో పొడి ఇసుకో వడ్లపొట్టో వెయ్యండి. రోజూ గిట్టలు గీరండి. నీళ్లతొట్టి చుట్టూ రెండు బండ్ల గులకరాళ్లు పోయించండి. తాగడానికొచ్చిన ప్రతిసారీ గుర్రం తన వైద్యం తానే చేసుకుంటుంది. జెనొఫోన్ చెప్పి ఇరవై మూడు శతాబ్దాలు దాటినా ఇంతకంటే చవకైన మందు నాకు దొరకలేదు.

అందరి లాడాలూ ఊడదీయమని నేను చెప్పడం లేదు. గిట్ట నెలకు ఆరు నుంచి పది మిల్లీమీటర్లు పెరుగుతుంది. రోజంతా తారురోడ్డు మీద బండి లాగే గుర్రానికి అరుగుదల దీన్ని మించిపోవచ్చు. అప్పుడు దానికి రక్షణ కావాలి. లాడమో, పనివేళ తొడిగి తర్వాత విప్పేసే బూటో. మెత్తటి మైదానంలో స్వారీకి, పెళ్లి ఊరేగింపుకు నెలకు నాలుగు రోజులు బయటికొచ్చే గుర్రానికి ఏడాది పొడుగునా ఇనుమెందుకో యజమాని ఒకసారి ఆలోచించాలి. తీసేముందు మేత సరిచెయ్యాలి, నేల సిద్ధం చెయ్యాలి. తీశాక మొదట మెత్తటి నేల, తర్వాత గట్టి సమనేల మీద పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అలా పెంచుకుంటూ పోవాలి. కంకర అన్నిటికన్నా చివర. వెంట్రుకల గీత దగ్గర ఇవాళ పుట్టిన గోడ ముందుకొస దాకా దిగడానికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పడుతుంది. ఈ ఏడాది మనం పెట్టిన మేత, నడిపిన నడక, వదిలేసిన బురద అన్నీ అందులో గీతలు గీతలుగా ఉంటాయి. చదవడం వస్తే గిట్ట అంత నిజాయితీగా రాసిన డైరీ మరొకటి లేదు.

ఆ ఎర్రగుర్రం సంగతి చెప్పి ముగిస్తాను. వారాల తరబడి ఇసుకలో ఉంచాం. సాయీసు రోజుకు రెండుసార్లు చేత్తో పట్టుకుని నడిపించాడు. పదకొండో నెలలో కబురంపాడు. వెళ్లి వంగి కాలు ఎత్తబోతే ఆపేశాడు. "జర ఆగుండ్రి సాబ్. చూసుడు తర్వాత, ముందు ఇనుండ్రి" అన్నాడు. కళ్లు మూసుకున్నాను. రాతిబాట మీద గుర్రం నడిచొస్తోంది. నాలుగు అడుగులూ ఒకే బరువుతో, తడబాటు లేని చప్పుడు. ఆయన జెనొఫోన్ పేరు వినలేదు. ఆయన చెవి మాత్రం వింది.

తిరిగొస్తూ ఆయన గది ముందు ఆగాను. ఆ రోజు నేను ఊడదీయించిన లాడం గుమ్మానికి కొట్టి ఉంది. ఇదేంటన్నట్టు చూశాను.

"ఇనుము ఇంటికి పనికొస్తది సాబ్, ఉండనియ్యుండ్రి" అన్నాడు. "గుర్రానికి దాంతోని పని అయిపోయింది."