జీపు జబ్బు, లెక్క తేలిన విధము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను భారతమునుండి ఏదో ఘట్టము చెప్పుదునని మీరు తలచియుందురు. నేనును మొదట అట్లే తలచితిని. కాని ఈ సంవత్సరము మన యూరిలో అందరి నోట నలిగినది భారతము కాదు, సంఘము వారి జీపు. దాని జబ్బు కనుగొనుటలో నాకు తోడ్పడిన పుస్తకములు రెండును ఈ గ్రంథాలయపు బీరువాలోనివే. ఒకటి తెలుగువాడగు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము, తెలుగు తాత్పర్యముతో కూడినది. రెండవది అట్ట చిరిగి నూనె మరకలు పడిన జీపు రిపేరు పుస్తకము. దానిని ఇచ్చిన దాత యెవరో రిజిష్టరులో లేదు. కావున ఈ కథ ఇచ్చట చెప్పదగినదే యని ధైర్యము చేసితిని.

మహీంద్రా వారు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చి అమ్ముట ప్రారంభించిరి. మన బండి ఆ వంశమున పుట్టినదే. దీని ఇంజను పేరు హరికేన్, అనగా తుపాను. అమెరికాలో 1953లో ఈ ఇంజనుతో జీపు వెలువడినప్పుడు దానికి చెప్పిన బలము సుమారు 75 గుఱ్ఱములు. నాలుగు సిలిండర్లు, 134 ఘనపు అంగుళములు, మన లెక్కలో సుమారు 2,200 సీ.సీ. గాలియు పెట్రోలును లోనికి వచ్చు వాల్వులు పైన హెడ్డులోను, పొగ వెడలు వాల్వులు క్రింద బ్లాకులోను ఉండును. ఇట్లు ఇంజను ఎత్తు పెరుగుటచే బానెట్టును కూడ ఎత్తవలసి వచ్చినది. మన జీపునకు నుదురు ఎత్తుగా ఉండుటకు కారణమదియే. దీనిలో కంప్యూటరు లేదు, సెన్సరు లేదు. ఇప్పటి బండ్లవలె తన జబ్బు తాను చెప్పుకొనజాలదు. మనమే అడిగి తెలిసికొనవలెను.

గడచిన శ్రావణమున జరిగినది మీరెఱుగుదురు. మన లోయనుండి తారురోడ్డు వరకు రెండు మైళ్ళ ఎగుడు దారి. వానలలో 108 బండి వాగు దాటి రాజాలదు. పైన తారురోడ్డు మీదనే నిలుచును. ఆ రాత్రి నొప్పులు పడుచున్న ఒక తల్లిని జీపులో ఎక్కించుకొని బయలుదేఱితిమి. ఊరి చదునున బండి చక్కగానే నడచినది. ఎగుడున అరమైలు పోవునప్పటికి పుల్లింగు తగ్గి, రెండుమార్లు దగ్గి, ఆగిపోయినది. ఐదు నిమిషములు ఊరుకొన్న పిమ్మట స్టార్టయి ఒక ఫర్లాంగు పోయి మరల ఆగినది. ఆగినచోట స్లో స్పీడు నిలువదు. చోకు పట్టుకొని యాక్సిలరేటరు త్రొక్కుచునే యుండవలెను. మూడవమాఱు ఆగినప్పుడు మన కుఱ్ఱవాండ్రు దుప్పటిని వెదురు బొంగునకు కట్టి డోలీ చేసి, ఆ వానలో, ఆమెను పైకి మోసికొనిపోయిరి. తల్లియు బిడ్డయు క్షేమము. ఆ బిడ్డ గొంతు ఇప్పుడు వెనుక వరుసనుండి నాకు వినవచ్చుచునే యున్నది.

మరుసటి వారము జీపును పట్నమునకు తీసికొనిపోయితిమి. షెడ్డు పేరు చెప్పను. మేస్త్రి బానెట్టు ఎత్తి చూచి "కార్బొరేటరు పోయిందండీ" అనెను. క్రొత్తది వేసెను, తగ్గలేదు. ప్లగ్గులు మార్చెను, తరువాత కాయిలు మార్చెను, తగ్గలేదు. మూడు బిల్లులు వచ్చినవి, మూడింటికిని ఓచర్లు వ్రాసినవాడను నేనే. చివరకు కార్బొరేటరు మీది స్లో స్పీడు మరను బిగించి, ఇంజను ఆగకుండ చేసి పంపెను. చూచుటకు రోగము కుదిరినట్లే యుండెను. మన ఎగుడు దగ్గఱకు రాగానే మరల పాత పాటయే.

లెక్కలలో జమకును ఖర్చునకును తేడా వచ్చినప్పుడు సోమరి గుమాస్తా ఏమి చేయునో నాకు తెలియును. ఆ తేడాను అనామతు ఖాతాలో పడవైచి పుస్తకము మూయును. పైకి లెక్క సరిపోవును. తప్పు మాత్రము ఉన్నచోటనే యుండును. మేస్త్రి బిగించిన ఆ మర మన జీపునకు అనామతు ఖాతా యని నాకు తోచినది. మా డ్రైవరు నాకంటె పెద్దవాడు. "అన్నా, ఈ బండి లెక్క మొదటినుండి తిరిగి తీయుదము" అంటిని. "బండికి లెక్కలేమిటండీ గుమాస్తాగారూ!" అని ఆయన నవ్వెను గాని, స్పానర్ల సంచి మాత్రము తెచ్చెను.

తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకములని రెండు మాటలున్నవి. ఇది యున్నప్పుడు అది యుండుట అన్వయము. ఇది లేనప్పుడు అది లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కారణమని నమ్మవలెను. పట్నములో జరిగినది ఇది కాదు. ఒకేమాఱు నాలుగు సామానులు మార్చినచో, ఒకవేళ జబ్బు తగ్గినను దేనివలన తగ్గినదో తెలియదు. మేము ఒకమాఱు ఒకటే ముట్టవలెనని నియమము పెట్టుకొంటిమి.

మొదట పొగను చూచితిమి. కొండమీద పొగను చూచి నిప్పున్నదని ఊహించుట తర్కశాస్త్రపు మొదటి పాఠము. సైలెన్సరు పొగయు అట్టిదే. నలుపైనచో పెట్రోలు ఎక్కువ; నీలి రంగైనచో ఇంజను ఆయిలు మండుచున్నది, పిస్టను రింగులో వాల్వు గైడులో అరిగినవని అర్థము; ఇంజను వేడెక్కిన పిమ్మట కూడ తెల్లని ఆవిరి తెగకుండ వచ్చినచో హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానింపవలెను. మన బండికి స్లో స్పీడున కొంచెము నల్లపొగ తప్ప వేరేదియు లేదు. ఆ నలుపు మేస్త్రి త్రిప్పిన మరల ఫలమని తరువాత తెలిసినది.

పిమ్మట సిలిండర్ల పరీక్ష. ఇంజను నడచుచుండగా ఒక్కొక్క ప్లగ్గును కఱ్ఱపిడి స్క్రూడ్రైవరుతో బాడీకి తగిలించి పని మాన్పింపవలెను. పనిచేయుచున్న సిలిండరును మాన్పినచో ఇంజను కుంటును. ముందే చచ్చియున్న సిలిండరును మాన్పినచో ఏ మార్పును ఉండదు. మన బండిలో నాలుగింటికిని ఇంజను సమముగా కుంటినది. అరువు తెచ్చిన గేజితో కంప్రెషను చూచితిమి. నాలుగు అంకెలకును తేడా 10 పౌండ్లకు లోపుననే యున్నది. దీనితో ఒక పెద్ద సంగతి తేలినది. తప్పు ఏ ఒక్క సిలిండరుదియు కాదు. నాలుగింటికిని ఉమ్మడియైన చోట ఎక్కడనో ఉన్నది. వాల్వుల పనికై ఇంజను విప్పవలెనన్న సలహా అంతటితో ఆగినది. ఆ బిల్లు వచ్చియుండినచో సంఘము తట్టుకొనలేకపోయెడిది.

డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు కొంత కాలి యున్నవి. నూరి, ఫీలర్ గేజితో అంగుళములో వెయ్యింట 20 వంతుల సందు పెట్టితిమి. ప్లగ్గులకు వెయ్యింట 30. టైమింగు సరిగానే యున్నది. స్టార్టింగు మెఱుగైనది. అసలు జబ్బు అట్లే యున్నది.

ఇక స్లో స్పీడు సంగతి. చోకు లాగినప్పుడు ఇంజను కుదుటపడుచుండెను. చోకు గాలిని తగ్గించును గదా! కావున గాలి ఎక్కువగుచున్నదనుటకు ఇది సాక్ష్యము. కార్బొరేటరులోనుండి రాని గాలి ఎక్కడనో దొంగతనముగా చొరబడుచున్నది. కార్బొరేటరు అడుగు గ్యాస్కెట్ చుట్టు నూనెబుడ్డితో ఇంజను ఆయిలు చుక్కలుగా వేసితిమి. అక్కడ గాలి చొరబడినచో ఆయిలు ఆ సందును క్షణకాలము మూయును, ఇంజను స్వరము మారును. మారలేదు. (ఈ పరీక్షను పెట్రోలుతో చేయువారున్నారు. వేడి మానిఫోల్డు ప్రక్కను పెట్రోలు చల్లుట కొంపలార్పుకొనుటయే.) అద్దము ప్రక్కను వెదకుచుండగా డ్రైవరు ఒక రబ్బరు గొట్టమును చూపెను. పూర్వము ఈ జీపులలో వైపర్లు ఇంజను గాలి పీల్పుచే, అనగా వ్యాక్యూముచే, ఆడుచుండెడివి. ఎప్పుడో కరెంటు వైపరు పెట్టినవారు పాత గొట్టమును తీసివేయక, కొసలో కఱ్ఱబిరడా కొట్టి వదలిరి. ఆ కఱ్ఱ ఎండి నిలువున చీలి యున్నది. గొట్టపు కొసను వ్రేలితో మూసితిని. ఇంజను ఒక్కసారిగా లేచి పరుగెత్తినది. వ్రేలు తీసినచో కుంటును, మూసినచో పరుగెత్తును. అన్వయ వ్యతిరేకములు అంత స్పష్టముగా నేను పుస్తకములో కూడ చూడలేదు.

ఆ పరుగునకు కారణము కూడ గమనింపుడు. చొరబడు గాలిని కప్పిపుచ్చుటకై మేస్త్రి స్లో స్పీడు మరను బిగించి, పెట్రోలు మరను వదలు చేసి యుండెను. ఒక తప్పును మూయగానే రెండవది బయటపడినది. గొట్టమును మొదటనే మూసివైచి, రెండు మరలను తిరిగి సరిచేయగా, పుస్తకములో చెప్పినట్లు నిమిషమునకు 600 చుట్ల వద్ద చోకు లేకుండ ఇంజను నిలిచినది. డ్రైవరు బానెట్టుమీద నీళ్ళ గ్లాసు పెట్టి చూపెను. కొంచెము వణకినది గాని ఒలుకలేదు.

నేను మిగుల సంతోషించి, పని పూర్తియైనదని మరునాడు బండిని ఎగుడునకు తోలించితిని. అరమైలు వద్ద యథాప్రకారముగా ఆగినది. ఇది నా పొరపాటు. రెండు ఫిర్యాదులకు ఒకటే కారణముండునని ముందే నిశ్చయించుకొంటిని. లెక్కలలో ముప్పది సంవత్సరములు పనిచేసి కూడ, ఒకే తేడాలో రెండు తప్పులు దాగియుండవచ్చునని మఱచితిని.

అక్కడనే దారిప్రక్కను కూర్చుండి ఆలోచించితిమి. కొండగాలి పలుచన గనుక బలము తగ్గునని యొకరు. మన కొండల ఎత్తునకు అంత తగ్గుదల ఉండదు. మారేడుమిల్లినుండి చింతూరు వైపు పోవు ఘాటు దారిలో ఇంతకంటె పాత జీపులు బరువుతో ఎక్కుచున్నవి. ఎండకు పెట్రోలు గొట్టములోనే ఆవిరియై అడ్డుపడునని మరియొకరు. ఇది ఆలోచింపదగినదే. పెట్రోలు పంపుమీద తడిగుడ్డ వేసి చల్లార్చి చూచితిమి, ఫలము లేదు. పైగా శ్రావణపు వానలో ఆగిన బండికి ఎండ కారణమెట్లగును?

చదునున బాగుగా నడచి, ఎగుడున కొంతసేపటికి ఆగి, ఐదు నిమిషములు ఊరుకొన్నచో మరల నడచుటలోనే సమాధానమున్నది. కార్బొరేటరులో చిన్న పెట్రోలు తొట్టి యుండును. చదునున ఖర్చు తక్కువ, జమ సరిపోవును. ఎగుడున ఖర్చు పెరుగును. జమ చాలక తొట్టి ఎండును. బండి ఊరుకొన్నప్పుడు వెనుకబడిన పెట్రోలు మెల్లగా వచ్చి చేరును. అనగా ట్యాంకునకును కార్బొరేటరునకును నడుమ ఎక్కడనో దారి సన్నగిల్లినది. ఫిల్టరు శుభ్రముగానే యున్నది. పంపు డయాఫ్రమ్ విప్పి చూడగా చిల్లు లేదు. ట్యాంకు మూత తీసి నడపినను మార్పు లేదు గనుక మూతలోని గాలి రంధ్రమును దోషికాదు. మిగిలినది ఛాసిస్ గొట్టమునుండి పంపునకు వచ్చు జానెడు రబ్బరు గొట్టము. పైకి నిగనిగలాడుచున్నది. కోసి చూడగా లోపలి పొర మెత్తబడి ఊడి నాలుకవలె వ్రేలాడుచున్నది. పంపు మెల్లగా పీల్చునప్పుడు పెట్రోలు ప్రక్కనుండి పోవును. గట్టిగా పీల్చినప్పుడు ఆ నాలుక దారికి అడ్డము పడును.

ఇప్పటి పెట్రోలును గూర్చి ఇచ్చట చెప్పవలెను. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఎథనాల్ కలుపుట వచ్చినది. ఎథనాల్ నీటిని పీల్చుకొనును, పాతరకపు రబ్బరును ఉబ్బించి మెత్తచేయును. లీటరునకు దానిలోని శక్తియు పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ. మన జీపును చేసినవారు దీనిని ఊహింపలేదు. అందుచేత పాత రబ్బరు గొట్టములు, పంపు డయాఫ్రమ్, కార్బొరేటరు గ్యాస్కెట్లు ఎథనాలునకు ఓర్చునవి వేయించుకొనవలెను. బండిని నెలలతరబడి నిలుపునప్పుడు ట్యాంకులో పాత పెట్రోలును ఉంచరాదు. ట్రాక్టరు షెడ్డులో మూలబడిన పెట్రోలు పంపుసెట్లు గలవారును ఇది గమనింపవలెను.

క్రొత్త గొట్టమును వేసిన దినమున ఎనిమిదిమందిని ఎక్కించుకొని, ఆగకుండ, రెండవ గేరులో తారురోడ్డు చేరితిమి. ఆ గొట్టమునకైన ఖర్చు మూడు బిల్లులలో అతి చిన్నదానిలో పదియవవంతు కూడ లేదు. ఓచరు సంఘపు ఫైలులో ఉన్నది, ఎవరైనను చూడవచ్చును.

టాపెట్ల చప్పుడు ఇంకను కొంచెమున్నది. దాని సంగతి చూచుటకే రిపేరు పుస్తకమును నేను ఇంకను నాయొద్ద ఉంచుకొంటిని. గడువు దాటి పదునొకండు దినములైనది. ఎల్లుండి జరిమానాతో కూడ తెచ్చి ఇత్తును. టాపెట్ల పేజీ కుట్టు ఊడియున్నది గనుక, నా తరువాత తీసికొనువారు దానిని జాఱవిడువక చూచుకొనగోరుచున్నాను.